ట్రాయి, బొబ్బిలి: పాడిన యుద్ధమూ జరిగిన యుద్ధమూ

1

బొబ్బిలి కథ విషయంలో మనవాళ్ళలో చాలాకాలంగా రెండు అభిప్రాయాలు వున్నాయి. పరాయివాడి ఫిరంగులకు ఎదురొడ్డి, లొంగడంకన్నా చావడమే మేలనుకున్న తెలుగువాళ్ళ కథ గనుక అది ప్రజాసాహిత్యమేననీ, సామ్రాజ్యవాద వ్యతిరేక సాహిత్యానికి మన భాషలో తొలిమెట్టనీ కొందరంటారు. ఇద్దరు జమీందార్ల పంతానికి ఒక కోట కోటంతా బూడిదైన ఉదంతం గనుక అది వట్టి ఫ్యూడల్ అవశేషమనీ, దాన్ని ఇంకా పాడుకుంటూ కూర్చోవడం మన చైతన్యానికి తగదనీ మరికొందరంటారు. మొదటి అభిప్రాయానికి ఆచరణలో బలం ఎక్కువ. ప్రజానాట్యమండలిలో పనిచేసిన షేక్ నాజర్ వంటి మహాకళాకారుడు బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పాడు. జనం విన్నారు, ఏడ్చారు, మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. జనం ఏడ్చిన కథను ఒక్క విశేషణంతో తోసిపారేయడం విమర్శ కాదు. అలాగని జనం ఏడ్చారు గనుక అందులో చెప్పిందంతా జనం పక్షమేనని తీర్మానించడమూ విమర్శ కాదు.

ఈ రెండు వాదాలూ పైకి విరుద్ధంగా కనిపించినా అడిగే ప్రశ్న ఒక్కటే: కథానాయకుడు ఎవరి పక్షం? రంగారావు పరాయివాడికి ఎదురునిలిచిన వీరుడా, పంతం పట్టిన జమీందారా? నా ఉద్దేశంలో ఈ ప్రశ్న చాలదు. యుద్ధసాహిత్యాన్ని అడగవలసిన ప్రశ్న మరొకటి వుంది. చచ్చినవాళ్ళలో ఆ కథ ఎవరిని లెక్కపెడుతున్నది? ఎవరి చావుకు ఎవరిని కర్తగా నిలుపుతున్నది?

ఈ ప్రశ్న నాకు గ్రంథాల్లో దొరకలేదని ఒప్పుకోవాలి. కురుపాం కొండల కింద తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి నేను. నా తరగతిలో సగంమంది సవర, జాతాపు ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలు. బొబ్బిలి వాళ్ళకు దూరదేశం కాదు. పార్వతీపురం మీదుగా బస్సెక్కితే పూట తిరక్కుండా చేరుకునే ఊరు. ఒకనాడు వీరగాథల గురించి చెబుతూ, కోట పడిపోయే వేళ బొబ్బిలి స్త్రీలు మానరక్షణకోసం ప్రాణాలర్పించారని అన్నాను. నా గురువులు నాకు చెప్పిన వాక్యమే అది. వెనక బెంచీనుంచి ఒక అమ్మాయి లేచింది. "కోటలో పనోళ్ళు కూడా ఉంటారు కదా మాస్టారూ, ఆళ్ళనీ సంపేసినారా? అడిగే సంపినారా?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. గంట కొట్టారు గనుక ఆ పూటకు గండం గడిచింది. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన వెతుకులాట. వెతుకుతూ గ్రీసుదాకా పోవలసి వచ్చింది. ఒకే యుద్ధం గాథగా, నాటకంగా, చరిత్రగా మూడు చేతులు మారినప్పుడు ఏమవుతుందో గ్రీకు సాహిత్యంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. బొబ్బిలి కూడా మనకు ఆ మూడు రూపాల్లోనూ అందింది గనుక ఈ పోలిక ఆడంబరం కోసం కాదని పాఠకులు గ్రహిస్తారనుకుంటాను.

2

ముందు జరిగిన సంగతి చూద్దాం. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన కొలువులోని ఫ్రెంచి సైన్యపు ఖర్చుల కింద ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. అంటే ఈ నేలమీద పండే పంటలో రాజభాగం సిపాయిల జీతాల కింద చేతులు మారింది. ఫ్రెంచి సేనాని బుస్సీకి కావలసింది శిస్తు. దాన్ని రాబట్టి ఇవ్వగలవాడు విజయనగరం పూసపాటి విజయరామరాజు. విజయరామరాజుకు కావలసింది పక్కనే వుండి తనకు తలవంచని బొబ్బిలి. ఒకరి అక్కర ఒకరికి తీరే బేరం కుదిరింది.

ఈ సంగతులను వివరంగా రాసిన తొలి చరిత్రకారుల్లో రాబర్ట్ ఓర్మ్ ముఖ్యుడు. ఇంగ్లీషు కంపెనీ కొలువులో వుండినవాడు. హిందూదేశంలో ఇంగ్లీషువారి సైనిక వ్యవహారాల మీద అతను రాసిన చరిత్రలో 1778లో వెలువడిన సంపుటంలో బొబ్బిలి ఉదంతం వుంది. అతను చెప్పిన తగవుల్లో ఒకటి మనం తప్పక గమనించాలి. బొబ్బిలివాళ్ళు వాగుల నీళ్ళు తమ పొలాలకు మళ్ళించుకుంటున్నారని విజయనగరానికి కంటగింపుగా వుండేదట. కులాల పట్టింపులు, బిరుదుల పోటీలు, కోడిపందేల కథలు అన్నీ ఆ నీటి మీద తేలిన నురగ. కాటమరాజు కథలో యుద్ధానికి మూలం పశువుల మేతకు కట్టవలసిన పుల్లరి. అక్కడ పచ్చిక, ఇక్కడ నీళ్ళు. మన వీరగాథలను గోరుతో గీస్తే చాలు, కింద శిస్తు కనిపిస్తుంది.

బొబ్బిలి వదిలి మరొకచోట భూములు తీసుకొమ్మని బుస్సీ అడిగించాడు. రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. 1757 జనవరి 24న ఫిరంగులు మట్టికోట గోడల మీద మోగాయి. లోపలివాళ్ళు తెగించి పోరాడారు. ఇక నిలవదని తేలినప్పుడు కోట మధ్యనున్న ఇళ్ళకు తామే నిప్పు పెట్టుకున్నారు. ఓర్మ్ కథనం ప్రకారం, ఆ మంటలనుంచి తప్పించుకోబోయిన ఆడవాళ్ళనూ పిల్లలనూ వాళ్ళ మగవాళ్ళే బల్లేలతో పొడిచారు. చంటిబిడ్డను హత్తుకున్న తల్లిని కూడా విడిచిపెట్టలేదు. ఆ తర్వాత రంగారావు తుపాకిగుండు తగిలి పడిపోయాడు. లోపలికి వచ్చిన ఫ్రెంచి సైనికులు ఆ దృశ్యం చూసి నిర్ఘాంతపోయారు.

ఓర్మ్ ప్రత్యక్షసాక్షి కాడు. ఫ్రెంచివారితో పోటీపడుతున్న కంపెనీ మనిషి. "అనాగరిక" దేశపు క్రౌర్యాన్ని చూపి తన పాఠకులను గగుర్పరచాలన్న ఉబలాటం అతనికి లేదనలేం. అయినా అతని వాక్యాన్నీ, నేను తరగతిలో చెప్పిన వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. "స్త్రీలు ప్రాణాలర్పించారు" అన్నప్పుడు కర్త స్త్రీలు. "తప్పించుకోబోయిన స్త్రీలను పొడిచారు" అన్నప్పుడు కర్త మగవాళ్ళు, స్త్రీలు కర్మ. వ్యాకరణం చదువుకున్న మనకు ఇది చిన్న తేడాగా కనిపించకూడదు. ఒక వాక్యంలో త్యాగం వుంది, మరో వాక్యంలో హత్య వుంది. "తప్పించుకోబోయిన" అన్న ఒక్క విశేషణంలో బతకాలన్న కోరిక వుంది. మనం తరతరాలుగా చెప్పుకుంటున్న వాక్యం ఆ కోరికను తుడిచిపెట్టింది.

3

ఇప్పుడు గ్రీసు వైపు చూద్దాం. ఇలియడ్ క్రీ.పూ. 8వ శతాబ్దం ప్రాంతంలో రూపం దిద్దుకున్నదని పండితుల అంచనా. అది రాసిన కావ్యంగా పుట్టలేదు, పాడిన గాథగా పుట్టింది. ఈ సంగతిని తేల్చడంలో అమెరికన్ పండితుడు మిల్మన్ పారీ కృషి గొప్పది. 1930లలో అతను యుగోస్లావియా పల్లెల్లో తిరిగి, ఒంటితీగ వాయిద్యం మీద వీరగాథలు అల్లుతూ పాడే గాయకులను విన్నాడు. పాటకుడు కథను కంఠస్థం చేసి అప్పగించడు. అలవాటైన పదబంధాలతో ప్రతిసారీ కొత్తగా అల్లుతాడు. తంబురా, గుమ్మెటల మధ్య పెరిగిన మనకు ఇది వింతగా తోచదు. హోమర్ మనకు దగ్గరివాడే.

దగ్గరివాడు గనుక అతని పరిమితీ మనకు తెలిసినదే. అతను రాజుల ముంగిట పాడినవాళ్ళ వారసుడు. ఇలియడ్ పన్నెండవ సర్గలో సార్పెడాన్ తన మిత్రుడితో ఒక మాట అంటాడు: మనకు మంచి పొలాలు, పంక్తిలో ముందు పీట, మాంసంలో మంచి ముక్క జనం ఎందుకిస్తున్నారు? యుద్ధంలో ముందు నిలుస్తామనే గదా, పద. ఫ్యూడల్ ఒడంబడిక ఇంత నిర్మొహమాటంగా మరెక్కడా దొరకదు. వీరత్వం భూమికి కట్టే కౌలు.

ఆ ఒడంబడికను ప్రశ్నించిన సామాన్య సైనికుడు ఇలియడ్‌లో ఒక్కడే వున్నాడు, రెండవ సర్గలో. పేరు థర్సైటిస్. కంచూ, ఆడవాళ్ళూ అన్నీ అగమెమ్నాన్ గుడారంలోనే పోగుపడుతున్నాయి, చచ్చేది మనం, ఓడలెక్కి ఇంటికి పోదాం అంటాడు. హోమర్ అతన్ని వంకరకాళ్ళవాడిగా, గూనివాడిగా, సైన్యంలోకెల్లా అనాకారిగా వర్ణించాడు. ఒడిస్సియస్ రాజదండంతో వాణ్ణి కొడితే సైన్యమంతా నవ్విందని పాడాడు. కవి ఎవరి పక్షమో తెలిసిపోయింది. కాని థర్సైటిస్ అన్న మాటలు కవి పాటలోనే నిలిచిపోయాయి. వాణ్ణి కొట్టించడం కోసమైనా వాడిచేత మాట్లాడించవలసి వచ్చింది.

ఇంకొక చోటు చూపిస్తాను. అకిలీస్ కోపానికి కారణమైన బ్రిసేయిస్ యుద్ధంలో పట్టుబడిన స్త్రీ. భర్తనూ సోదరులనూ చంపినవాడి గుడారంలో బతుకుతున్నది. పందొమ్మిదవ సర్గలో పత్రోక్లస్ శవం మీద పడి ఆమె ఏడుస్తుంది. తక్కిన దాసీలు కూడా వంతపాడి ఏడుస్తారు. అప్పుడు హోమర్ ఒక్క ముక్క చేరుస్తాడు: వాళ్ళు పైకి పత్రోక్లస్ కోసం ఏడ్చినా, నిజానికి ప్రతి ఒక్కతే తన దుఃఖానికే ఏడ్చింది. రాజుల కవికి ఈ ఒక్క ముక్క ఎక్కడనుంచి వచ్చింది? విన్నవాళ్ళనుంచి వచ్చిందని నేననుకుంటాను. పాటను రాజు పోషించవచ్చు. వినేది మాత్రం ఇల్లంతాను. గుమ్మం అవతల నిలబడి విన్న దాసీలు పాటకుడి కంట పడకుండా వుండరు. మౌఖిక సాహిత్యానికి వున్న ప్రజాస్వభావం ఇదే. నాయకుడు ప్రజల మనిషి కావడంవల్ల కాదు, శ్రోతల్లో ప్రజలుండటంవల్ల దానికి ఆ స్వభావం వస్తుంది. దొర కథలో పగుళ్ళుంటాయి. విమర్శకుడి పని ఆ పగుళ్ళను పట్టుకోవడం.

4

హోమర్ తర్వాత సుమారు మూడువందల ఏళ్ళకు గ్రీకులు తమ గాథను తామే నిలదీశారు. ఏథెన్స్, స్పార్టాల మధ్య క్రీ.పూ. 431లో మొదలై 404లో ముగిసిన యుద్ధాన్ని థూసిడిడీస్ చరిత్రగా రాశాడు. అతను ఏథెన్స్ సేనాని. ఒక నగరాన్ని సకాలంలో కాపాడలేకపోయాడని దేశబహిష్కారం పొందినవాడు. తన గ్రంథం ఆరంభంలోనే అతను ట్రాయి గాథను చేతిలోకి తీసుకుని తూకం వేస్తాడు. గ్రీకు రాజులు అగమెమ్నాన్ వెంట నడిచింది హెలెన్ కోసం చేసిన ప్రమాణానికి కట్టుబడి కాదట. అతనికున్న నౌకాబలానికి జంకి. యుద్ధం పదేళ్ళు సాగడానికి కారణం ట్రాయి వీరుల పరాక్రమం కూడా కాదట, డబ్బు లేకపోవడం. తిండిగింజలు చాలక సైన్యంలో కొందరు సేద్యానికీ దోపిడీలకూ పోవలసి వచ్చిందట. దేవతలనూ అందగత్తెనూ పక్కకు జరిపి గింజల బస్తాలు లెక్కపెట్టిన ఆ చూపు ఇరవైనాలుగు శతాబ్దాల నాటిది. భౌతిక పునాదిని వెతకడం ఎవరో నిన్న కనిపెట్టిన విద్య అనుకునేవాళ్ళు ఈ పుటలు చదవాలి.

అదే థూసిడిడీస్ మెలోస్ సంగతి రాశాడు. అదొక చిన్న ద్వీపం. ఎవరి పక్షమూ చేరమన్నది. మాకు కప్పం కట్టండి, న్యాయం గురించి మాట్లాడకండి, న్యాయం సమానబలుల మధ్య మాట అని ఏథెన్స్ దూతలు తేల్చి చెప్పారు. క్రీ.పూ. 416లో ముట్టడి మొదలైంది. ఆ శీతకాలం ఆ ద్వీపం లొంగిపోయింది. చేతికి చిక్కిన వయసొచ్చిన మగవాళ్ళను చంపి, ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేశారు. ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని మనం పాఠాల్లో చెప్పే ఏథెన్స్ చేసిన పని అది.

ఆ వెంటనే, క్రీ.పూ. 415 వసంతంలో, ఏథెన్స్ ఉత్సవంలో యూరిపిడీస్ "ట్రోజన్ స్త్రీలు" నాటకం ప్రదర్శించాడు. అందులో యుద్ధం లేదు. యుద్ధం అయిపోయింది. కోట కాలుతున్నది. పట్టుబడిన స్త్రీలు ఎవరు ఎవరి వాటాకు పోతారోనని నేలమీద కూర్చుని ఎదురుచూస్తుంటారు. హెక్టర్ కొడుకు, పసివాడు అస్టియానాక్స్, రేపు పెరిగి పగ తీర్చుకుంటాడన్న భయంతో గ్రీకులు వాణ్ణి కోటగోడ మీదినుంచి తోసేస్తారు. తండ్రి డాలు మీద వాడి శవాన్ని అవ్వ ముందుకు తెస్తారు. నాటకం చూస్తున్న ప్రేక్షకుల్లో మెలోస్‌కు పోయి వచ్చినవాళ్ళుండి వుంటారు. వాళ్ళ వీరపూర్వీకుల విజయాన్ని యూరిపిడీస్ ఓడినవాళ్ళ వైపునుంచి, అందులోనూ ఆడవాళ్ళ వైపునుంచి చూపించాడు. వాళ్ళందరూ రాణులు కారు. మేళంలో నిలబడ్డది పేరులేని స్త్రీలు. న్యాయనిర్ణేతలు ఆ ఏడు అతనికి రెండో బహుమతి ఇచ్చి సరిపెట్టారు. ఆ వేసవిలోనే ఏథెన్స్ మహానౌకాదళం సిసిలీని జయించడానికి బయలుదేరింది, రెండేళ్ళలో సర్వనాశనమైంది. మంచి నాటకం యుద్ధాన్ని ఆపలేదు. ఆ భ్రమ మనకు అక్కరలేదు. కాని ఏథెన్స్ పౌరుడు ఇక ట్రాయి పేరు విన్నప్పుడు హెక్టర్ ఒక్కడే కాకుండా ఆ డాలు మీది పసివాడు కూడా గుర్తుకు రావడం మొదలైంది. సాహిత్యం చేయగల పని అది, చేయవలసిన పని కూడా అదే.

గ్రీకులను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. యూరిపిడీస్ స్త్రీపాత్రలను ఆడింది మగవాళ్ళు. ఏథెన్స్ నౌకాదళానికి డబ్బు వచ్చింది బానిసలు పనిచేసిన లారియం వెండిగనులనుంచి. స్పార్టావాళ్ళు తమ సేద్యపు బానిసల్లో యుద్ధంలో ధైర్యం చూపినవాళ్ళకు విముక్తి ఇస్తామని పిలిచి, ముందుకు వచ్చిన సుమారు 2,000 మందిని మాయం చేశారని థూసిడిడీస్ రాశాడు. ఒక్కడి పేరూ మనకు మిగలలేదు. అయినా తమ పురాణాన్ని తామే తిరగేసి చూసుకున్న ధైర్యం వాళ్ళది. మన ముందున్న ప్రశ్న: బొబ్బిలికి ఆ పని జరిగిందా?

5

బొబ్బిలి మీద మనకు రచనలకు కొదువ లేదు. పెద్దాడ మల్లేశం పేర ప్రచారంలో వున్న జంగంకథ జనం నోళ్ళలో నలిగింది. దిట్టకవి నారాయణకవి "రంగరాయ చరిత్రము" పద్యకావ్యం; నరసరావుపేట జమీందారుకు అంకితం. శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి, వేదం వేంకటరాయశాస్త్రి ఇద్దరూ దీన్ని నాటకం చేశారు. 1964లో సినిమా వచ్చింది, ఎన్.టి. రామారావు రంగారావు, ఎస్.వి. రంగారావు పాపారాయుడు, భానుమతి మల్లమ్మదేవి. 1986లో పాపారాయుడి పేరుతోనే మరో సినిమా వచ్చింది. పాట, పద్యం, నాటకం, చిత్రం అన్నీ అయినాయి. కాని గాథనుంచి ప్రశ్నకు గ్రీకులు వేసిన అడుగు, మనం పాఠాలుగా చెప్పుకునే ఈ రచనల్లో నాకు కనిపించదు.

కారణం కథ నిర్మాణంలోనే వుంది. బొబ్బిలి కథకు ముగింపు కోట కూలడం కాదు, పగ తీరడం. ఓర్మ్ చెప్పిన దాంట్లో రంగారావు పడిపోవడం చూసిన నలుగురు సైనికులు పొదల్లో దాక్కుని, మూడోరాత్రి శత్రువు గుడారంలో చొరబడి విజయరామరాజును పొడిచి చంపారు. ఒంటిమీద 32 గాయాలు. ఆ నలుగురి పని చివరికి జనం నోట తాండ్ర పాపారాయుడు అన్న ఒక్క పేరు మీద నిలిచింది. శ్రోత గుండె చల్లబడుతుంది. కోటలో కాలిపోయిన ఆడవాళ్ళ లెక్క ఆ కత్తిపోట్లతో చెల్లిపోయినట్టు తోస్తుంది. ఇలియడ్ అలా ముగియదు. ట్రాయి పతనం దాకా పోనేపోదు. కొడుకు శవం అడగడానికి వచ్చిన ముసలి ప్రయామ్, ఆ కొడుకును చంపిన అకిలీస్, ఇద్దరూ ఒకచోట కూర్చుని ఏడ్చాక, హెక్టర్ దహనంతో ఆగిపోతుంది. లెక్క చెల్లలేదన్న సంగతి వినేవాడికి మిగులుతుంది.

బొబ్బిలిలో లెక్క చెల్లిందా? చరిత్రను అడుగుదాం. చనిపోయిన విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందగజపతి ఫ్రెంచివారితో చెడి ఇంగ్లీషువారిని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సైన్యాన్ని ఓడించాడు. మరుసటి ఏడు మచిలీపట్నం పట్టుకున్నాడు. 1766 నాటికి సర్కార్లు కంపెనీ చేతికి చిక్కాయి. 1794 జులై 10న పద్మనాభం దగ్గర అదే కంపెనీ సైన్యం చేతిలో ఆనాటి విజయనగరం రాజు, మరొక విజయరామరాజు, చనిపోయాడు. బొబ్బిలిని బూడిద చేసిన ఇల్లు ముప్పైఏడేళ్ళకు తానూ అదే గతి పట్టింది. 1802లో వచ్చిన శాశ్వత శిస్తు పద్ధతితో మిగిలిన జమీందార్లందరూ కంపెనీకి వసూలుదార్లయ్యారు. ఇద్దరు జమీందార్ల పంతంలో గెలిచింది శిస్తు. ఈ ఒక్క వరసను బొబ్బిలి కథ చివర చేర్చి పాడితే, మొదటి అభిప్రాయం వాళ్ళు కోరుకున్న సామ్రాజ్యవాద వ్యతిరేకత నిజంగా కథలోకి వస్తుంది. పాపారాయుడి కత్తి మీద ముగిస్తే రాదు.

ఇక పగుళ్ళ మాట. హోమర్ పాటలో థర్సైటిస్, ఆ దాసీల ఏడుపు మనకు దొరికాయి. బొబ్బిలిలో అటువంటిది నాకు ఓర్మ్ చరిత్రలోనే దొరికింది. కోట పడిపోయాక ఒక ముసలివాడు చిన్న పిల్లవాణ్ణి చేయిపట్టుకు నడిపించుకుంటూ లా అనే ఫ్రెంచి అధికారి దగ్గరికి వచ్చాడట. వీడు రంగారావు కొడుకనీ, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా తాను కాపాడాననీ చెప్పాడట. పిల్లవాడి పేరు చరిత్రకు తెలుసు. చిన్న రంగారావుగా పెరిగి, బొబ్బిలి వంశాన్ని నిలబెట్టినవాడు అతనే. ముసలివాడి పేరు మాత్రం ఓర్మ్ రాయలేదు.

ఒక్క క్షణం ఆగి ఆ ముసలివాణ్ణి చూడండి. అందరూ చావాలని దొర ఆజ్ఞ. ఆ ఆజ్ఞను వీరత్వమని కోట కోటంతా ఒప్పుకున్నది. మంటలూ బల్లేలూ దాటుకుని ఒక్కడు ఆ ఆజ్ఞను మీరాడు. కత్తి పట్టలేదు, పగ తీర్చుకోలేదు. ఒక పసివాణ్ణి బతికించాడు. యూరిపిడీస్ నాటకంలో అస్టియానాక్స్‌ను కాపాడేవాడు ఎవరూ లేకపోయారు. బొబ్బిలిలో ఒకడున్నాడు. ఇవాళ బొబ్బిలి వంశం గొప్పతనం గురించి ఎవరెన్ని మాటలు చెప్పినా, ఆ వంశం మిగిలింది పౌరుషం వల్ల కాదు, ఆ అవిధేయత వల్ల. దొర వంశాన్ని నిలిపినవాడు గనుక వాడూ ఒక నమ్మినబంటేనని ఎవరైనా అనవచ్చు. కావచ్చు. కాని నమ్మినబంటు ఆజ్ఞ పాటిస్తాడు. వీడు బిడ్డ ప్రాణానికీ దొర మాటకూ మధ్య బిడ్డ ప్రాణాన్ని ఎంచుకున్నాడు. పాపారాయుడికి దొరికిన పాటలో పదోవంతు ఇతనికి దక్కివుంటే మన వీరగాథల స్వభావమే మరోలా వుండేది.

6

"రాజుల మాట అటుంచండి, మా పాటలు వేరు" అని మన శిబిరంలో ఎవరైనా అనవచ్చు. ఆ మాటకూ జవాబు చెప్పుకోవాలి. 1967 అక్టోబరు 31న మా కొండల్లోని మొండెంఖల్లు గిరిజన సభకు పోతున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం దానితో మలుపు తిరిగింది. 1969 డిసెంబరులో కాల్చిచంపబడిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఆ పోరాటానికి గొంతుగా మలిచాడు. రాజుల కథలు వినిపించిన వాద్యాల మీద కూలిజనం కథ వినిపించడం సామాన్యమైన మార్పు కాదు. ఇక్కడ చచ్చినవాళ్ళకు పేర్లున్నాయి. వాళ్ళు దొరలు కారు.

నాయకుడి వర్గం మారితే కథ నిర్మాణం దానంతటదే మారుతుందా? మారదు. మన పోరాట గీతాల్లో కూడా ఎంతోమంది తల్లులు నవ్వుతూ కొడుకులను సాగనంపుతారు. తప్పించుకోబోయినవాడి కథ, బిడ్డను ఎత్తుకుని అడవి దాటిన ఆడమనిషి కథ, పోలీసుల శిబిరాల మధ్య చిక్కి గింజలు దాచుకుని ఊరిని బతికించిన ముసలమ్మ కథ మన పాటల్లోనూ అరుదే. వీరమరణమే కొలబద్ద అయినప్పుడు బతికించినవాడు లెక్కలోకి రాడు. పాత గాథనుంచి రాగం తీసుకుంటే ఆ కొలబద్ద కూడా వెంటే వస్తుంది. దాన్ని గుర్తుపట్టి పక్కన పెట్టడం మనకు మనమే చేసుకోవలసిన పని. శ్రీశ్రీ "దేశచరిత్రలు" గేతంలో రాజుల చరిత్రలను అడిగిన ప్రశ్న మన చరిత్రలకు వర్తించదని అతను ఎక్కడా మినహాయింపు ఇవ్వలేదు.

కాబట్టి బొబ్బిలి కథను పాడటం మానమని నేననను. మానితే ఆ పగుళ్ళు కూడా పోతాయి. పాడాలి. మూడు చేతుల్లోని కథనూ పక్కపక్కన పెట్టుకుని పాడాలి: గాథ దాచిన శిస్తును చరిత్రనుంచి తెచ్చి చేర్చాలి, కంపెనీ చరిత్రకారుడికి పట్టని దుఃఖాన్ని గాథనుంచి తెచ్చి చేర్చాలి, రెండూ వదిలేసిన పేరులేనివాళ్ళ గొంతును కొత్తగా రాయాలి. ఆ రాతగాళ్ళు మా తరగతి వెనక బెంచీలనుంచి వస్తారన్న ఆశ నాకుంది. అడగవలసిన ప్రశ్న వాళ్ళకు ఇప్పటికే తెలుసు.

ఆ అమ్మాయికి నేనింకా జవాబు బాకీ వున్నాను. పనివాళ్ళను అడిగారా అంటే, అడిగినట్టు ఎక్కడా రాసిలేదు. తప్పించుకోబోయినవాళ్ళను పొడిచారని మాత్రం రాసివుంది. అడిగివుంటే తప్పించుకోబోయేవాళ్ళే వుండరు గదా. వచ్చే ఏడు వీరగాథల పాఠం వచ్చినప్పుడు నా గురువుల వాక్యం చెప్పను. కర్తనూ కర్మనూ వాటి చోట వాటిని పెట్టి చెబుతాను. ఆ తర్వాత పిల్లవాణ్ణి చేయిపట్టుకు నడిచిన ఆ ముసలివాడి గురించి చెబుతాను.